సాంబయ్య మామ చంకలో ఛాతీ

మా సాంబయ్య మామకు ఒకటే పిచ్చి. ఎదురైన మనిషికల్లా ఎక్స్‌రే చూపించడం. లక్సెట్టిపేటలో మగవాళ్లు చంకలో గొడుగు పెట్టుకుని తిరిగితే, ఆయన పసుపుపచ్చ కవరులో ఎక్స్‌రే పెట్టుకుని తిరిగేవాడు. వానొస్తే కవరును చొక్కాలో దాచి తను తడిసేవాడు. ఎవరైనా పలకరిస్తే చాలు, ఆ నల్ల ఫిల్మును సర్రున లాగి ఎండకు ఎత్తిపట్టి, "జర గీ ఛాతీ సూడుండ్రి, ఏం కనవడుతుందో చెప్పుండ్రి" అనేవాడు. పలకరించకపోయినా అనేవాడు.

మామ మా అవ్వకు, అంటే అమ్మకు, సొంత తమ్ముడు. వయసులో ఉండగా నేవీలో చేరి, పదేళ్లు ఓడ ఇంజను గదిలో పనిచేసి తిరిగొచ్చాడు. ఆ తరువాత మా ఊళ్లో పొలాల మోటార్లు బాగుచేస్తూ బతికాడు. మనిషి మహా గట్టివాడు. ఇద్దరు మోయాల్సిన మోటారును ఒక్కడే భుజానికెత్తుకునేవాడు. జొన్నరొట్టెలు ఎనిమిదికి తక్కువ తినేవాడు కాదు. అప్పుడప్పుడు పొడిదగ్గు వచ్చేది, అంతే. అలాంటి మనిషి 1984లో ఒకరోజు ఎక్కడికో పోయి, వస్తూ వస్తూ ఆ కవరు పట్టుకొచ్చాడు. అప్పటినుంచి నాలుగేళ్లు దాన్ని దించలేదు. ఊరు ఆయనకు ఎక్స్‌రే సాంబయ్య అని పేరు పెట్టేసింది.

ఇదంతా పెన్షన్ కోసమని మాకు తెలుసు. అడిగితే దాచేవాడు కాదు.

"డాక్టరు ఒక్క లైను రాసియ్యాలె నర్మదా. గీ రోగం ఓడల పనిచేయవట్టే వచ్చిందని. దరఖాస్తు ఒక్కసారి వాపస్ కొట్టిన్రు. రోగానికి, నౌకరికి సంబంధం లేదన్నరు. గా లైను ఉంటే అప్పీలు నిలవడ్తది. అప్పీలు కూడ కాదంటే వకీలును పెట్టి హైకోర్టుకు పోవచ్చు. లైను లేకుంటే యాడికి పోయినా గంతే."

"మరి డాక్టర్లకు చూపెట్టాలె గని కటింగ్ షాపు హనుమండ్లుకెందుకు మామా?"

"డాక్టర్లందరికీ చూపెట్టిన. అందరు టీబీ అంటరు, చేతులు కడుక్కుంటరు. హనుమండ్లు తానకు రోజుకు యాభైమంది వస్తరు. అండ్ల ఒక్కనికన్న ఎరుక ఉండకపోతదా?"

హనుమండ్లుకు ఎరుక లేదు గానీ ఆసక్తి మాత్రం బాగా ఉంది. ఒకసారి ఎవరికో ఒక చెంప గీసి, రెండో చెంపకు నురగ పెట్టి, మామ ఇచ్చిన ఎక్స్‌రేను వెలుతురుకు తిప్పుతూ నిలబడిపోయాడు. "గీ తెల్లది ఎముకా? మరి గీ మబ్బు లెక్క ఉన్నదేంది?" అని ఇద్దరూ చర్చలో పడ్డారు. ఆ గడ్డం మనిషి కరీంనగర్ బస్సు అందుకోవాలి. చూసి చూసి లేచి, సగం గడ్డంతోనే బస్సెక్కాడు. అక్కడ బంధువుల పెళ్లిలో ఆయన్ని అందరూ ఒక పక్కనుంచే ఫోటో తీశారట.

బస్సుల్లో అయితే ఇంకా ఘోరం. వెలుతురు కావాలి కాబట్టి కిటికీ పక్క సీటే కావాలనేవాడు. దానికోసం రెండు బస్సులు వదిలేసేవాడు.

"పెద్దమనిషీ, నీకా టికెట్టు, కవరుకా?" అని కండక్టరు అడిగితే, "అది నా ఒళ్లె కూసుంటది తియ్. జర నువ్వు గూడ సూడు" అని అతని చేతిలో పెట్టేవాడు. పాపం కండక్టరు మర్యాదకు చూస్తుంటే, దిగాల్సినవాళ్లు "ఆపుండ్రో!" అని అరుస్తూ స్టేజీ దాటిపోయేవాళ్లు.

ఇదంతా నవ్వుకోవడానికి బాగానే ఉంది. నా పెళ్లిచూపుల దాకా వచ్చేసరికి నా నవ్వు పోయింది. నేనప్పుడు బడిలో టీచరును. జగిత్యాల నుంచి పెళ్లివారు వచ్చారు. పిల్లవాడి తల్లి నన్ను పాట పాడమంది. నేను గొంతు సవరించుకునే లోపే మామ లేచి కిటికీ దగ్గర ఫిల్ము ఎత్తిపట్టాడు.

"ఎవరిది?" అంది ఆవిడ.

"ఎవలదైతేంది అక్కా, మీ దిక్కు గిసొంటి ఛాతీ ఎవలన్న చూసిన్రా?"

ఆవిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. చాయ్ తాగకుండానే అందరూ వెళ్లిపోయారు. మా అవ్వ చంద్రవ్వ శివాలెత్తింది. "తమ్మీ, దాని పెండ్లయినంక నీ ఛాతీని జెండాకట్టెకు కట్టుకో, నేను వద్దన!" అంది. నేను మాత్రం ఊరుకున్నానా? "ఎనిమిది రొట్టెలు తినేటోనికి రోగమేంది మామా? పెన్షన్ ఆశకు గింత దిగజారుడా?" అనేశాను. మామ ధోవతి కొంగుతో ఫిల్ము తుడిచి కవరులో పెట్టుకున్నాడు.

మరుసటి ఏడు ఇంకో సంబంధం వచ్చింది. ఆ పిల్లవాడు మామ ఇచ్చిన ఎక్స్‌రేను తలకిందులుగా పట్టుకుని అరగంట శ్రద్ధగా చూశాడు. ఇంత ఓపిక ఉన్నవాడు నన్ను కూడా భరిస్తాడని ఒప్పుకున్నాను. ఆయనే మా ఆయన.

నవ్వకండి, చివరికి మామ లెక్కే నిజమైంది. 1988లో ఒక బస్సులో సరళాదేవి అనే నర్సు ఆ ఫిల్ము చూసి, "కరీంనగర్‌కు కొత్తగ ఒక ఛాతీ డాక్టరు వచ్చిండు. బొంబాయిల చదివిండట, ఓడల పనోళ్లను మస్తుమందిని చూసిండట" అని చెప్పింది. మామ తెల్లారే నన్ను బయలుదేరదీశాడు. కాగితాలు రాయడానికి చదువుకున్న మనిషి కావాలన్నాడు. బడికి సెలవు పెట్టి, సణుక్కుంటూనే పోయాను.

డాక్టర్ విద్యాసాగర్‌రావు ఫిల్మును చాలాసేపు చూశాడు. కవరు అడుగున మడతపెట్టి ఉన్న ఆస్పత్రి కాగితాలన్నీ చదివాడు.

"ఓడలో ఆవిరి గొట్టాలకు తెల్లటి నార చుట్టేవాళ్లా? ఆస్బెస్టాస్, అదే, రాతినార?"

మామ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "చుట్టేటోళ్లం సార్! పాతది పీకుడు, కొత్తది చుట్టుడు, మా పనే గది. దుమ్ములకెల్లి మనిషికి మనిషి కనవడకపోయేటోడు."

"ఇది టీబీ కాదు. ఊపిరితిత్తుల మీది పొరకు వచ్చే క్యాన్సర్. ఆ దుమ్ము లోపలికి పోతే ఇరవై ముప్పై ఏళ్లకు కూడా ఇలా బయటపడుతుంది. నేను రాసిస్తాను. కానీ నా కాగితం ఒక్కటే సరిపోదు. ఆ గదిలో పక్కన పనిచేసినవాళ్ల సాక్ష్యం కూడా అప్పీలుకు పెట్టాలి. ఎవరైనా బతికి ఉన్నారా?"

"ఉన్నడు సార్" అన్నాడు మామ.

క్యాన్సర్ అన్న మాట విని మనిషి అంత సంతోషంగా ఉన్నాడేమిటి? బయట బెంచీ మీద కూర్చుని, కాగితం తీశాను. మామ చెప్పడం మొదలుపెట్టాడు.

"రాయి. నేను, సాంబయ్య, ఓడ ఇంజను గదిల అంబదాస్ పక్కపొంటి పదేండ్లు పనిచేసిన..."

"అంబదాస్ ఎవరు మామా?"

"గీ ఛాతీ వానిదే."

కలం ఆగిపోయింది. నాలుగేళ్లలో మామ ఒక్కసారి కూడా 'నాది' అనలేదని అప్పుడు తట్టింది. అంబదాస్ సొంతూరు బోథ్. ఇద్దరూ ఒకే రోజు నేవీలో చేరారట. 1984లో టీబీ అని మందులు మింగుతూనే పోయాడు. భార్య సక్కుబాయికి పెన్షన్ రాలేదు. అది చాలదన్నట్టు, టీబీ అంటుకుంటుందని వాడకట్టులోని ఇరుగుపొరుగు వాళ్లు ఆ ఇంటి గడప తొక్కడం మానేశారు.

"గిది అంబదాస్‌దని నేను బస్సుల చెప్పిననుకో, ముచ్చట బోథ్ దాక నడుస్తది. సక్కుబాయికి ఉన్న పరేషాన్ చాలదా? నాదనుకుంటే అనుకోనీ. నాకేం పోయింది?"

"నీకేం పోలే, నాకు సంబంధం పోయింది!"

"పోయినోడు మంచోడా?"

"...కాదు."

"మరింక?"

నేను ఏడుస్తూనే నవ్వాను. మామ గొంతు మాత్రం తగ్గింది. "గిది గూడ రాయి. ఒక హోలీకి మాకు రంగులు దొరకలే. గొట్టాల మీది తెల్లదుమ్ము గుప్పిళ్లతోని తీసి ఒకల మీద ఒకలం చల్లుకున్నం. నేనే ఎక్కువ చల్లిన. వాడు నవ్వుకుంట నిలవడ్డడు." కాసేపు రోడ్డు వైపు చూశాడు. "వాడు మస్తు యాదికొస్తడు నర్మదా. గీ ఎక్స్‌రే చూపెట్టినప్పుడల్ల వాని గురించి చెప్పాలని పానం కొట్టుకునేది. ఎట్ల పాడేటోడు, ఎట్ల కొట్లాడేటోడు... ఒక్క మాటన్న చెప్పుకోలేకపోయిన."

నాకు అప్పుడు ఇంకో అనుమానం వచ్చింది. "నువ్వు గూడ అదే దుమ్ముల ఉన్నవు గదా. నీ ఎక్స్‌రే ఏది?"

"తీపిచ్చుకోలే. మంచిగ వచ్చిందనుకో, పక్కోనికి ఏం కాలే, గాయనకెట్లయింది అంటరు. ఖరాబు వచ్చిందనుకో, వీడు తన పెన్షన్ కోసం గిట్ల చెప్తుండు అంటరు. ఎట్లొచ్చినా సక్కుబాయికే దెబ్బ. అప్పీలు తేలేదాక నా ఛాతీ జోలికి పోను."

ఎంత తిట్టినా వినలేదు. సాక్ష్యం, డాక్టరు కాగితం కలిపి అప్పీలు పంపాం. ఏడాది మీద కొన్నాళ్లకు జవాబు వచ్చింది. అంబదాస్ పోయింది ఓడ పని వల్లేనని ఒప్పుకుని, సక్కుబాయికి పెన్షన్ ఇచ్చారు. ఆ వారమే నేనూ మా ఆయనా మామను చెరో రెక్కా పట్టుకుని కరీంనగర్ తీసుకుపోయాం.

ఎక్స్‌రే తీసేవాడు "ఊపిరి బిగపట్టు" అంటే, మామ "అంబదాస్ గూడ గిట్లనే..." అని మొదలుపెట్టాడు. ఐదేళ్లుగా కట్టేసుకున్న నోరు కదా, ఆగితేనా! మూడు ఫిల్ములు పాడైపోయాయి. నాలుగోది డాక్టరు చూసి, పొర మీద చిన్న మచ్చలున్నాయి, క్యాన్సర్ లేదు, ఏటా వచ్చి చూపించుకోవాలి అన్నాడు. నేను కొబ్బరికాయ కొడదామన్నాను. మామ మాత్రం ముఖం వేలాడేసుకున్నాడు.

"సక్కుబాయికి ఏ మొకం పెట్టుకుని చెప్పాలె? పక్కపక్కన నిలవడ్డోళ్లం. దుమ్ము చల్లినోడు మంచిగున్నడు, చల్లిచ్చుకున్నోడు పోయిండు."

ఆయనకు చెప్పకుండా నేనే బోథ్‌కు కార్డు రాశాను. వారం తిరిగేసరికి జవాబు వచ్చింది. మామను అరుగు మీద కూర్చోబెట్టి చదివి వినిపించాను.

"సాంబన్నకు సక్కుబాయి రాయించేది. నీ ఛాతీ మంచిగున్నదని నర్మద రాసింది. గీ మాట నువ్వెందుకు రాయలే? మస్తు కోపమొచ్చింది. డాక్టరు కాగితం చదివి చెప్పినంక వాడకట్టోళ్లు వస్తుండ్రు, చాయ్ తాగుతుండ్రు. నీ సాక్ష్యం గూడ చదివించుకున్న. హోలీ ముచ్చట కాడికి వచ్చేసరికి నవ్వాగలే అన్నా. గా ముచ్చట ఆయన నాకు పెండ్లయిన కొత్తలనే చెప్పిండు. తనే ఎక్కువ చల్లిన అన్నడు, సాంబయ్య ఓడిపోయిండన్నడు. నువ్వేమో నేనే ఎక్కువ చల్లిన అని రాసినవు. మీ ఇద్దరిల ఎవలు అబద్ధమాడుతున్నరో వచ్చి పిల్లల ముంగట చెప్పు."

మామ తువ్వాలుతో ముఖం తుడుచుకుని, ఇంకోసారి చదవమన్నాడు. మూడోసారి చదువుతుంటే ఉన్నట్టుండి లేచి, "ఓడిపోయిననా? నేనా? వాడు మొదటినుంచి గంతే, అబద్ధాలకోరు!" అంటూ చెప్పుల కోసం వెతికాడు. నాలుగోసారి చదవనా అంటే, "ఆపు పిల్లా, బోథ్ బస్సు పోతది" అన్నాడు.