లాభం అనే లెక్క

గింజలు రాలే చప్పుడు వింటే నాకు ఇప్పటికీ ఆయన గొంతు వినిపిస్తుంది. ఉదయగిరిలో మా ఇంటి ధాన్యం కొలిచే పెద్దాయన ఎన్నడూ ‘ఒకటి’ అనేవాడు కాదు. మొదటి మానిక పోస్తూ ‘లాభం’ అని, ఆ తర్వాత ‘రెండు’ అనేవాడు. ఆస్తి కరిగిపోయాక మా ఇంటి దర్జా ఆ పిలుపులోనే మిగిలింది.

కిలోల రాళ్లు కొత్తగా వచ్చిన ఏడాది, జొన్నలు అమ్మడానికి ఆయనా నేనూ ఆత్మకూరు వెళ్లాము.

“ఊరికొక మానిక పెట్టుకోని చంపతా ఉండారు. కిలో యాడైనా కిలోనే,” అన్నాడు కొట్టు శెట్టి.

“మా అయ్యగారింటిది ధర్మ మానిక. తూచి చూడు,” అని పెద్దాయన మా కూలి గింజలు కొలిచే మానిక తీసిచ్చాడు.

సర్కారు ముద్ర ఉన్న తన మానికనూ మాదాన్నీ జొన్నలతో నింపి శెట్టి తూచాడు. మాది పిడికెడు తక్కువ తూగింది. గింజలు తక్కువ పట్టేలా దాని లోపల అడుగున చెక్కబిళ్ల వేయించింది మా తాత. ఆ సంగతి నాకు తెలుసు.

పెద్దాయన మానిక ఖాళీ చేసి, లోపల చెయ్యి పెట్టి అడుగు తడిమాడు.

“ముప్పై ఏండ్లు కూలోళ్లకి దీంతోనే కొలిచినాను గదా, చిన్నయ్యా.”

నేను తల దించలేదు. మా వంశంలో ఆ అలవాటు లేదు.

మరుసటి పంటకు ఆయన ముద్ర మానిక కొనుక్కొచ్చి, కళ్లంలో కూలి కొలిచాడు. మొదటిది పోస్తూ నా వైపు చూసి, “ఒకటి,” అన్నాడు.