అప్పాజీ గారి చప్పుళ్ళు

విమానంలో ఏదో చప్పుడొచ్చిందని చెబితే మా ఇంజనీరు అప్పాజీ గారు ఊరుకోరు. ఆ చప్పుడు నోటితో చేసి చూపించాల్సిందే. కెప్టెన్ అయినా సరే.

మధురపూడి ఎయిర్‌పోర్టులో విమానాల్ని లాగే ట్రాక్టరు నాది. అంతకుముందు కోరుకొండలో ఆయిల్ ఇంజన్లు బాగుచేసేవాణ్ణి. నా చదువంతా అక్కడే. అప్పాజీ గారి పనితనం చూస్తే దండం పెట్టాలనిపించేది. ఆయన చప్పుళ్ళు వింటే మాత్రం తల తిప్పుకునేవాణ్ణి. ఎందుకంటే ముందు ఆయనే చేసేవారు. ఏది చేసినా అయితే కుక్కపిల్ల, లేకపోతే ప్రెషర్ కుక్కర్.

"ఏసీలో చప్పుడండి" అని ఎయిర్‌హోస్టెస్ అంటే, "ఎలా? కుయ్ కుయ్ అనా?" అనేవారు.

"కాదండీ బాబూ, గరగరా అని."

"గరగరా ఎలా? చెయ్యమ్మా."

పాపం, ఆ అమ్మాయి చేసేది.

కెప్టెన్ జగన్నాథరావు గారొక్కరే లొంగలేదు. "నేను విమానం నడపడానికొచ్చానండి, మిమిక్రీకి కాదు" అనేవారు.

మొన్న ఆషాఢంలో ఓ మధ్యాహ్నం హైదరాబాద్ విమానం ముప్పావుగంట లేటుగా దిగింది. జగన్నాథరావు గారు మెట్లు దిగుతూనే, "అంతా నార్మల్. ఇరవై నిమిషాల్లో బయల్దేరాలి" అన్నారు. వెనకాలే కో-పైలట్ సారిక. చేరి రెండు నెలలు. చక్రాల వైపు చూసి చూపు తిప్పేసుకుంది.

"ఏంటమ్మా?" అన్నారు అప్పాజీ గారు.

"ఏం లేదండి. దిగాక ఏదో చప్పుడు అనిపించింది."

"పక్కనే ఉన్నాను, నాకేం వినపడలేదు" అన్నారు కెప్టెన్ గారు.

"అయితే నా భ్రమేనేమోనండి."

అద్దాల తలుపు వెనక అరవైమంది లైన్లో ఉన్నారు. ఈ అమ్మాయి ఊరుకుంటే ఎక్కేస్తారు. చెప్పాక ఏమీ దొరక్కపోతే ఆలస్యమంతా ఆమె నెత్తిన పడుతుంది.

"కుయ్ కుయ్ అనా?" అన్నారు అప్పాజీ గారు.

"కాదండి."

"ఉస్స్... అనా?"

"అబ్బ, కాదండి. నేలకి ఆనగానే టప్ టప్ టప్ అని. ఆ తర్వాత టప్... టప్... టప్..."

ఆయన మొహంలో నవ్వు పోయింది. "స్పీడు తగ్గేకొద్దీ నెమ్మదించిందా?"

"అవునండి."

"అయితే అది చక్రంతో పాటు తిరిగేది." వాకీటాకీ అందుకుని బోర్డింగ్ ఆపించారు.

విమానం ముక్కు కింద దూరి అక్కడి రెండు చక్రాలూ తడిమారు. నున్నగా ఉన్నాయి. రెక్కల కిందున్న చక్రాలూ చూశారు. అవీ అంతే. కెప్టెన్ గారు వాచీ చూసుకున్నారు. సారిక టోపీ అంచు నలిపేస్తోంది.

"వీరాస్వామీ, చక్రం సగం తిరిగేంత ముందుకి లాగు" అన్నారు నాతో.

గుడ్డు మోస్తున్నట్టు లాగాను.

"ఆగు."

ముక్కు చక్రంలో అప్పటిదాకా నేలకి ఆనుకుని ఉన్న వైపు పైకొచ్చింది. అరచెయ్యంత రబ్బరు, తెగిన చెప్పు అట్టలా వేలాడుతోంది. పైకి లేచే వేగంలో ఊడి ఉంటే ఎక్కడ కొట్టేదో ఎవరూ పైకి అనలేదు.

కెప్టెన్ గారు టోపీ తీసేశారు. "నా ధ్యాసంతా బ్రేకుల మీద ఉందమ్మా" అన్నారు సారికతో. "ఈసారి నేను కాదన్నా చెప్పు."

చక్రం మార్చి పంపేసరికి గంట పట్టింది.

రెండువారాల తర్వాత, అప్పాజీ గారు నా ట్రాక్టరు మీద మర్చిపోయిన క్యారేజీ ఇవ్వడానికి వాళ్ళింటికెళ్ళాను. గేటు తీస్తుంటే నెత్తిమీద విమానం దిగుతున్న మోత. ఇంజన్ల హోరు, చక్రాలు ఆనిన కీచు, వెంటనే టప్ టప్ టప్... టప్... టప్. అచ్చం అదే. తలెత్తి చూస్తే ఆకాశంలో ఏమీ లేదు.

లోపల అప్పాజీ గారు నోరు సున్నాలా చుట్టి కూర్చున్నారు. మనవరాలు నోరు తెరుచుకుని చూస్తోంది. ఆయన భార్య అచ్చాయమ్మ గారు ఆ నోట్లో పప్పన్నం కూరుతున్నారు. "విమానం ఆగేలోపు నాలుగు ముద్దలు పెట్టెయ్యాలి, ఉండు బాబూ" అన్నారు నాతో.

విమానం ఆగాక అడిగాను. "ఇంత బాగా వచ్చి, అక్కడ ఆ కుక్కపిల్ల ఏంటండీ?"

"నేను బాగా చేస్తే అవునని తలూపి పోతారయ్యా. తప్పు చేస్తే దిద్దకుండా ఉండలేరు. పైగా, ముందు నన్ను చూసి నవ్వేశాక ఇంక వాళ్ళకి సిగ్గేముంటుంది?"

గేటు దాకా వచ్చి గొంతు తగ్గించారు. "జగన్నాథరావు గారికి మాత్రం చెప్పకు. ఆయన నిన్ననే మొదటిసారి నోటితో ఫ్యాను తిప్పి చూపించారు."