ప్రయోగాల మాస్టారు

మా సైకాలజీ మాస్టారు ఉద్యోగం మొత్తంలో ఒక్క పొరపాటు కూడా చేయలేదు. చేసినవన్నీ ప్రయోగాలే. ఈ మాట మేమన్నది కాదు, ఆయనే చెప్పుకునేవారు.

మేం డిగ్రీలో చేరిన మొదటి వారమే ఒక కాలికి నల్ల బూటు, రెండో కాలికి గోధుమరంగు బూటు వేసుకొచ్చారు. అటెండరు మెల్లగా దగ్గరికెళ్ళి, "సార్, బూట్లు..." అని నసిగాడు.

"చూశావా? పొద్దున్నుంచి ఎంతమంది ఎదురుపడ్డారో. నువ్వొక్కడివే గమనించావు. మనిషి చూపు ఎంత గుడ్డిదో తేల్చడానికి ఇదో ప్రయోగం," అన్నారు మాస్టారు.

"అందరూ గమనించారండి. మీకు చెప్పమని నన్ను పంపించారు."

ఇంకోసారి గది తప్పి కెమిస్ట్రీ వాళ్ళ క్లాసులోకి వెళ్ళి, మరుపు ఎందుకొస్తుందన్న పాఠం ముప్పావుగంట దంచేశారు. ఆ పిల్లలు నోరెత్తకుండా రాసుకున్నారు. గుమ్మంలో కొయ్యబారి నిలబడ్డ కెమిస్ట్రీ మేడమ్‌ను చూసి కూడా ఆయన తొణకలేదు.

"ప్రయోగం మేడమ్. సుద్దముక్క పట్టుకున్నవాడు ఏం చెప్పినా జనం రాసుకుంటారా లేదా అని."

"మరి అక్కడ మీ పిల్లలు?"

"వాళ్ళది వేరే ప్రయోగం. మాస్టారు రాకపోతే ఎంతసేపు కూర్చుంటారో చూడాలి."

మేం కూర్చున్నది నాలుగు నిమిషాలు.

ఆయన భార్య మా కాలేజీ లైబ్రరీలోనే పనిచేసేవారు. "కూరలో ఉప్పు రెండుసార్లు వేసి అదీ ప్రయోగమే అంటారమ్మా. తినాల్సింది మాత్రం నేను," అని పుస్తకాల మీద ముద్ర వేస్తూ వాపోయేవారు.

ఇక నా సంగతి. నలుగురిలో నోరు విప్పాలంటే నాకు ప్రాణం మీదికొచ్చేది. హాజరు పిలిచినా చెయ్యెత్తడమే తప్ప పలికేదాన్ని కాదు. అలాంటిది, ఆ ఏడాది ఒక్కొక్కరూ క్లాసు ముందు నిలబడి పది నిమిషాలు మాట్లాడాలన్నారు. నాకు జ్ఞాపకశక్తి అన్న అంశం వచ్చింది. మా అక్కను మంచం మీద కూర్చోబెట్టి ఇరవైసార్లు అప్పజెప్పాను. ఒక్క అక్షరం తప్పలేదు.

నా వంతు వచ్చింది. లేచి బోర్డు ముందు నిలబడ్డాను. నలభై ఒక్క మొహాలు. జ్ఞాపకశక్తి గురించి నాకు ఒక్క ముక్క జ్ఞాపకం లేదు. ముందు బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఈ తలుపు దాటి ఇంటికి పోతే మళ్ళీ కాలేజీ మొహం చూడకూడదని అక్కడే తీర్మానించుకున్నాను.

అప్పుడు మాస్టారు గడియారం చూసుకుంటూ లేచారు. "రెండు నిమిషాల పది సెకన్లు. చాలమ్మా, బాగా చేశావు. వెళ్ళి కూర్చో."

నాకేమీ అర్థం కాలేదు. ఆయన క్లాసు వైపు తిరిగారు.

"ఈ అమ్మాయిని మౌనంగా నిలబడమన్నది నేనే. ప్రయోగం ఈమె మీద కాదు, మీ మీద. ఈ రెండు నిమిషాలూ మీకు ఏమనిపించిందో ఒక చీటీ మీద రాసివ్వండి. పేర్లొద్దు, నిజం కావాలి."

పక్కనున్న అమ్మాయి నన్ను గిల్లి, "ఎంత బాగా నటించావే," అంది.

క్లాసయ్యాక ఆయన గదికి వెళ్ళాను. "సార్, మీరు నాకేమీ చెప్పలేదు."

"చెప్పలేదా? చెప్పాననుకున్నానే. ఏళ్ళ తరబడి మరుపు గురించి పాఠాలు చెబుతున్నా కదా, అంటుకున్నట్టుంది." చీటీల కట్ట నా చేతిలో పెట్టారు. "వీటిని వచ్చే వారం నువ్వే చదివి వినిపించాలి."

"నావల్ల కాదు సార్."

"కూర్చునే చదువు. కాగితం మొహానికి అడ్డం పెట్టుకో. నాకేం అభ్యంతరం లేదు."

ఆ సాయంత్రం అక్కా, నేనూ చీటీలు విప్పాం. వెక్కిరింతలే ఉంటాయని గుండె రాయి చేసుకున్నాను. నవ్వొచ్చిందని రాసినవాళ్ళు నలుగురు. అందులో ఒకరు, "భయమేస్తే నాకు నవ్వొస్తుంది, ఏమనుకోకు," అని కూడా రాశారు. మిగతావన్నీ ఇంచుమించు ఒకే మాట: ఆ అమ్మాయికి మాట వస్తే బాగుండు. ఒకరైతే నాకు అందించడానికి మొదటి వాక్యం కోసం పుస్తకమంతా వెతికారట.

"నలభై రెండున్నాయే," అంది అక్క.

నలభై ఒకటే ఉండాలి. ఆ ఎక్కువున్న చీటీ మీది వంకర అక్షరాలు మేం రోజూ బోర్డు మీద చూసేవే. "ఉద్యోగంలో చేరిన మొదటి రోజు నేనూ ఇలాగే నిలబడిపోయాను. మూడు నిమిషాలు. ఈ అమ్మాయి నాకన్నా చాలా నయం."

మరుసటి వారం కుర్చీలో కూర్చుని, కాగితం మొహానికి అడ్డం పెట్టుకుని చదవడం మొదలుపెట్టాను. గొంతు వణికింది కానీ ఆగలేదు. పదో చీటీకి కాగితం దానంతటదే కిందికి దిగింది. చివరి చీటీ దగ్గర ఒక్క క్షణం తటపటాయించాను. అది చదివితే నాది నటన కాదని అందరికీ తెలిసిపోతుంది. అయినా చదివాను. మాస్టారు కిటికీలోంచి బయట ఏదో మహా ముఖ్యమైనది చూస్తున్నారు.

"వినపడలేదు, ఇంకోసారి చదవవా," అన్నారెవరో వెనక బెంచీలోంచి.

లేచి నిలబడి, మళ్ళీ చదివాను.