ఇప్పసారాతో చేసిన మందు

బస్తర్ సంస్థానం రోజుల్లో కుంట అనే ఊళ్లో మా నాన్నకు ఉప్పు, బట్టల కొట్టు ఉండేది. చేయి దురుసు మనిషి. నన్నూ, అమ్మనూ, కొట్లో పనివాళ్లనూ కొట్టేవాడు. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా నేను నాగపూర్‌లో కెమిస్ట్రీ డిగ్రీ ముగించి ఇంటికొచ్చిన వేసవిలో, ఒక అంగడి రోజున, ఒక దోర్ల తెగ రైతు ఎద్దు మా ఉప్పు కుప్పలో మూతి పెట్టింది. నాన్న గడ్డపార ఎత్తి దాని ముఖం మీద వేయబోయాడు. రైతు చెయ్యి అడ్డం పెట్టాడు. మోచేతి కింద మాంసం చీలి ఎముక తెల్లగా కనిపించింది.

అంగడిలో గొడ్డళ్లు భుజాల మీంచి దిగాయి. రైతు తమ్ముడు నాన్న జుట్టు పట్టి వంచి, మెడ మీద గొడ్డలి ఆనించాడు. రక్తం కారుతున్న చేత్తోనే రైతు అతన్ని వెనక్కి లాగాడు.

"వద్దురా. నిన్ను జేల్ల ఏస్తరు. నీ పిల్లలకు ఎవడు పెడ్తడు?"

నాలుగో రోజు రైతు భార్య మా పెరట్లోకి వచ్చింది.

"పుండు కుళ్లుతాంది బాబూ. జరం దిగుతలేదు. నువ్వు పెద్ద సదువు సదివినవట గదా, ఏమన్న చెయ్యి."

దవాఖానాకు పరిగెత్తాను. కాంపౌండర్ ఖాళీ అలమారా చూపించి, "లడాయి అయిపోయేదాకా పుండ్ల పొడి రాదు" అన్నాడు. చిన్న సీసాలో మిగిలిన అయొడిన్ పలుకులు మాత్రం ఇచ్చాడు.

ఆ పొడి పేరు అయొడోఫాం. చెయ్యడం నాకు తెలుసు. ఇప్పసారాను మళ్లీ బట్టి పెట్టి ఘాటు పెంచాను. చాకలి సోడా నీళ్లలో కలిపి, వేడి మీద ఉంచి, అయొడిన్ కొంచెం కొంచెంగా వేశాను. సారా ముందు ఆల్డిహైడ్‌గా మారుతుంది. అందులో ఆక్సిజన్ ఉన్న కార్బన్‌కు పక్క కార్బన్ మీది హైడ్రోజన్ వదులుగా ఉంటుంది. సోడా దాన్ని లాగేస్తుంది. మిగిలినదాన్ని ఇనొలేట్ అంటారు. అది ఊరుకోదు, ఎదురొచ్చిన అయొడిన్‌ను పట్టుకుంటుంది. అలా మూడుసార్లు జరిగాక అణువు రెండుగా విరుగుతుంది. పసుపు పలుకులు అడుగుకు దిగుతాయి.

అవి దిగుతుండగా నాన్న వచ్చాడు.

"నా ఇంట్ల కూసోని, నా మెడ కోయబోయినోళ్లకు మందు చేస్తున్నవా రా?"

గిన్నెను తన్నాడు. నా చెంప పగలగొట్టాడు. ఏనాడూ ఎదురు తిరగని నేను ఆయన గొంతు పట్టుకుని తలను గోడకేసి కొట్టాను. మళ్లీ కొట్టాను. అమ్మ నా చెయ్యి కొరికితే గానీ వదల్లేదు. ఆయన చెవి వెనక రక్తం కారుతోంది. ఆ రెండో దెబ్బకు నాకు సంతోషం కలిగింది. తలచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది.

ఒరిగిన గిన్నెలో సగం మిగిలింది. వడగట్టి, కడిగి, ఆరబెట్టి రైతు ఇంటికి తీసుకెళ్లాను. రైతు తమ్ముడు అన్న ఛాతీ మీద కూర్చుని కదలకుండా పట్టుకున్నాడు. మరిగించిన మంగలికత్తితో కుళ్లిన మాంసం కోసేశాను. పళ్ల మధ్య పెట్టిన కర్రను అతను రెండు ముక్కలు చేశాడు. పొడి చల్లి కట్టు కట్టాను. రోజూ అదే పని. వారానికి జ్వరం దిగింది, నెల దాటాక పుండు మానింది. ఆ చేతి రెండు వేళ్లు మాత్రం మళ్లీ ముడుచుకోలేదు.

ఆఖరి కట్టు విప్పిన రోజు రైతు అడిగాడు.

"మీ నాయన తలకు దెబ్బ తగిలిందట. ఎవరు కొట్టిన్రు?"

"నేనే."

అతను నా చేతుల వైపు చూశాడు. తర్వాత, ఆ ముడుచుకోని వేళ్లతో ఇక లాగలేని తన విల్లును చూరులోంచి తీసి తమ్ముడికిచ్చాడు.

"ఇగ ఏటకు నువ్వే పో."

నాన్న ఆ తర్వాత ఎవరి మీదా చెయ్యెత్తలేదు. నాతో మాట్లాడనూ లేదు.