కుర్చీకి కట్టిన మైకు

మా చర్చిలో మైకు స్టాండు ఒక్కటే ఉంది. అది ప్రసంగం చేసే అయ్యగారికి. అందుకని నా గిటారుకి ఇచ్చిన మైకుని ఎన్నో ఏళ్ళుగా ఎదురుగా వేసుకున్న ప్లాస్టిక్ కుర్చీకి చేతిరుమాలుతో కట్టుకుంటున్నాను. పాట అయ్యేదాకా కదలకూడదు. కాస్త వెనక్కి వాలితే గిటారు వినపడదు, ముందుకి వంగితే స్పీకరు బాక్సులు కీచుమంటాయి. నడుం నొప్పి ఉన్నవాడికి ఇది భక్తి కాదు, శిక్ష.

క్వయర్లో కీబోర్డు వాయించే మాస్టారికి ఆ మైకంటే అసలు గిట్టదు. "అన్నయ్యగారూ, అందులో మీ గిటారు కన్నా ఫ్యాను చప్పుడే ఎక్కువ వస్తోందండి. వైరు పెట్టుకునే గిటారు తెచ్చుకోండి, గొడవ వదిలిపోద్ది" అన్నాడు. ఆ మాటా నిజమే. రాజమండ్రిలో తెలిసిన కొట్టతను అలాంటిది ఒకటి ఇచ్చి, వారం రోజులు వాయించి చూసి చెప్పమన్నాడు. చూడ్డానికి మామూలు చెక్క గిటారే. లోపల పికప్ ఉంటుంది, వైరు పెడితే తీగల మోత నేరుగా బాక్సుల్లోకి వెళ్తుంది.

ఆ ఆదివారం నా వాయింపు నాకే కొత్తగా వినిపించింది. ఫ్యాను లేదు, పిల్లల ఏడుపు లేదు. మాస్టారు అటునుంచి మెచ్చుకోలుగా తల ఊపాడు. నేను వెనక్కి వాలి దొరబాబులా వాయించాను. రెండో పాటకి వచ్చేసరికి ఏదో వెలితి. ఏమిటో తెలియడానికి ఒక చరణం పట్టింది. బాక్సుల్లో మా ఆవిడ గొంతు లేదు.

ఆమె ఒకప్పుడు క్వయర్లో ముందు నిలబడి పాడేది. థైరాయిడ్ ఆపరేషన్ తర్వాత పై స్వరాలు అందక గొంతు చీలిపోతుంటే, ఒకరోజు ఎవరికీ చెప్పకుండా వెళ్ళి చాపమీద ఆడవాళ్ళలో కూర్చుంది. మా చర్చిలో ఆడవాళ్ళు ఒక పక్క, మగవాళ్ళు ఒక పక్క. మధ్య దారి మొదట్లో నేను. ఆమె నా పక్కకే వచ్చేలా మొదటి వరసలో కూర్చుని, కింది స్థాయిలో, తనలో తాను పాడుకునేది. ఆ కాస్త గొంతునీ నా మైకు పట్టుకునేది. ఆ సంగతి నాకు తెలుసు. చెబితే సిగ్గుపడి మానేస్తుందని చెప్పలేదు. నిజం చెప్పాలంటే, ప్రతి ఆదివారం నేను చెవి ఒగ్గి వాయించింది ఆ గొంతు కోసమే.

తల తిప్పి చూశాను. ఆమె పెదవులు కాసేపు కదిలాయి. తర్వాత ఆగిపోయాయి.

సాయంత్రం అరుగు మీద లేసు అల్లుతూ తనే మాట ఎత్తింది. "ఈ గిటారు బావుందండి. ఉంచేసుకోండి. మీ నడుముకీ సుఖం."

"పాట మధ్యలో ఆపేశావేం?"

సూది ఆగింది. "ఇన్నాళ్ళూ మీ మైకులో నా గొంతు కూడా కాస్త వినపడేదండి. మీకు తెలీదనుకున్నాను. తెలిస్తే దాన్ని అటు జరిపేస్తారేమోనని చెప్పలేదు."

నాకు ఏడుపొచ్చింది. ఒకే సంగతిని ఇద్దరం ఒకరి దగ్గర ఒకరం దాచుకుని, పక్కపక్కనే కూర్చున్నాం ఇన్నేళ్ళూ.

మర్నాడే వెళ్ళి గిటారు తిరిగిచ్చేశాను. ఏం తేడా వచ్చిందండీ అని కొట్టతను అడిగాడు. గిటారులో ఏ లోపమూ లేదని, మా ఇంట్లోనే కుదరలేదని చెప్పాను. అతనికేం అర్థమైందో నాకు తెలియదు.

పై ఆదివారం నా చేతిలో పాత గిటారు చూసి మాస్టారు మొహం ముడుచుకున్నాడు. "ఏంటండీ, మళ్ళీ ఇదేనా?"

నేను మైకుకి రుమాలు ముడి వేస్తున్నాను. మా ఆవిడ చాపమీంచి లేచి వచ్చింది. "వదులుగా ఉందండి" అంటూ విప్పి, మళ్ళీ తనే కట్టింది. చెయ్యి తీశాక చూస్తే మైకు సగానికి సగం తనవైపు తిరిగి ఉంది. నావైపు చూడకుండా వెళ్ళి, కొంగు తలమీదికి లాక్కుని కూర్చుంది.

ఆ రోజు నా గిటారు ఎవరికీ సరిగా వినపడలేదు.