సూది, సమ్మెట, వాయిదా

ఆ గది తలుపుకు గడియ బయటివైపు ఉండేది. పాఠకులు ఈ ఒక్క వాస్తవాన్ని చివరిదాకా మరవకుండా ఉంటే చాలు. తక్కినవన్నీ దాని చుట్టూ అల్లిన సాకులు.

టైర్ల దుకాణం మీది మొదటి అంతస్తులో ఏడు కుర్చీలు, ఏడు తెరలు, ఇనుప ఊచల కిటికీ ఒకటి. కింద అతుకులు వేసే రబ్బరు వాసన నేలలోంచి పైకి తన్నుకొచ్చేది. అక్కడ కూర్చున్న ఏడుగురూ పొద్దున్నుంచి సాయంత్రం వరకు వీడియో గేమ్ ఆడేవారు. వింత జంతువులను పట్టి, పెంచి, ఒకదాని మీదికి ఒకటి ఉసిగొల్పే ఆట అది. గెలవాలన్న యావ ఉండి, ఆడే ఓపిక లేని డబ్బున్నవాళ్ళు తమ ఖాతాలను వీళ్ళకు అప్పగించేవారు. వీళ్ళు ఆ జంతువులను పెంచి, వాటికి తగిన దెబ్బలు నేర్పి తిరిగి ఇచ్చేవారు. ఆ పైన సదరు పెద్దమనుషులు స్నేహితుల ముందు మీసం మెలేసేవారు.

గదిలో టీచరక్క అని అందరూ పిలిచే మనిషి ఏనాడూ బడిలో పాఠం చెప్పలేదు. ఒక జిరాక్స్ దుకాణంలో టైపు చేసేది. అది మూతపడ్డాక, కూతురితో కలిసి సరదాకు నేర్చుకున్న ఆటే ఆమెకు బతుకుతెరువైంది. భర్త లారీ డ్రైవరు. నెలలో సగానికి పైగా రోడ్ల మీదే ఉండేవాడు. కూతురికి ఏమైనా అయితే బడివాళ్ళు పిలవగలిగింది ఆమెనొక్కదాన్నే.

మనోశక్తి జాతి జంతువుల మీద ఆమెకు గట్టి పట్టు. అవి కరవవు, రక్కవు, తలపుతో కొడతాయి. వాటికి నేర్పదగిన ముఖ్యమైన దెబ్బలు మూడు. ఆటలో వాటికున్న పేర్లు నోరు తిరగనివి కనుక గదిలోవాళ్ళు సూది, సమ్మెట, వాయిదా అని పెట్టుకున్నారు. కొత్తగా చేరినవారికి ఆ మూడింటి తేడా చెప్పే పని ఆమెదే. పేరు కూడా అలాగే వచ్చింది.

పొద్దున అందరూ లోపలికి రాగానే యజమాని వాళ్ళ ఫోన్లను రేకుపెట్టెలో వేయించి, తలుపుకు బయట తాళం వేసుకుని వెళ్ళేవాడు. భోజనం వేళకు ఒకసారి, సాయంత్రం ఒకసారి తీసేవాడు. మధ్యలో ఏం జరుగుతున్నదీ గోడమీది కెమెరాలో చూసుకునేవాడు. ఖాతాల పాస్‌వర్డులు బయటికి పొక్కితే ఖాతాదారులు తన పీకమీద కూర్చుంటారని అతని భయం. ఒకడి భయానికి ఏడుగురిని ఖైదు చేసే అధికారం ఏ చట్టం ఇచ్చిందని అతన్ని అడిగినవారు లేరు. మంటలు లేస్తే ఏమిటని ఒకరిద్దరు అన్నారు. కింద టైర్ల దుకాణంలో బోలెడన్ని నీళ్ళున్నాయన్నాడు.

ఒకనాడు బడిలో కూతురు మెట్ల మీంచి పడి మణికట్టు విరగ్గొట్టుకుంది. బడివాళ్ళు ఫోన్ చేశారు, మళ్ళీ మళ్ళీ చేశారు. రేకుపెట్టె మోగుతూనే ఉంది. పెట్టె తలుపుకు ఆవల ఉంది. ఎవరి ఫోనో తెలియక ఏడుగురూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకుని, తిరిగి తెరల వైపు తిరిగారు. ఆస్పత్రికి తీసుకెళ్ళి కట్టు కట్టించింది బడి ఆయా. టీచరక్క వెళ్ళేసరికి బడి గేటు దగ్గర పిల్ల ఆయా ఒళ్ళో నిద్రపోతోంది. లేచాక ఏడవలేదు. అమ్మ ఫోన్ ఎందుకు ఎత్తలేదని ఒక్కసారి కూడా అడగలేదు. ఆ అడగకపోవడమే తల్లి గుండెలో ముల్లులా దిగింది.

మర్నాడు ఆమె యజమానిని అడిగింది ఒక్కటే. తాళం లోపలివైపు వేయించండి, తాళంచెవి కూడా లోపలే ఉంచండి.

"తాళంచెవి లోపల పెట్టాక ఇక తాళం ఎందుకమ్మా? అలంకారానికా?" అన్నాడతను. కుర్చీల్లో ఇద్దరు నవ్వారు కూడా. నవ్వకపోతే బాగుండదని నవ్వారు.

ఆ సాయంత్రమే ఆమె కార్మిక శాఖ కార్యాలయానికి ఫోన్ చేసింది.

తనిఖీ అధికారి వచ్చే సంగతి యజమాని చెవిన ముందే పడింది. కార్యాలయంలో ఎవరు వేశారో ఊహించడం కష్టం కాదు, నిరూపించడం కష్టం. ఆ రోజు తలుపు బార్లా తెరిచి ఉంది, ఫోన్లు ఎవరి ఒళ్ళో వారివి ఉన్నాయి. ఇది స్నేహితులు ఆడుకునే క్లబ్బు, తాళం దొంగల భయానికి వేసేది, అని యజమాని వినయంగా విన్నవించాడు. మిగిలిన ఆరుగురూ నోరు మెదపలేదు. టీచరక్క లేచి నిలబడింది. తాళం రోజూ వేస్తారని, తామంతా లోపల ఉండగానే వేస్తారని చెప్పింది.

అధికారి తెరల వైపు చూశాడు. ఒక తెర మీద ఊదారంగు జంతువొకటి కళ్ళు మూసుకుని గాల్లో తేలుతోంది.

"ఇది పనంటావా అమ్మా? ఆటే కదా."

అది పని అని ఆమె రుజువు చేయదలచుకుంది. న్యాయంగా చూస్తే ఆమెకు ఆ భారమే లేదు. తాళం ఉందా లేదా అన్నదొక్కటే అక్కడ తేలవలసిన విషయం. అయినా తప్పుడు ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పడం మొదలుపెట్టింది.

"ఆట మీది సార్, పని మాది. చూడండి, సమ్మెట ఉంది. మొదటి దెబ్బ అదిరిపోతుంది. కానీ కొట్టినవాడి బలమే సగానికి పడిపోతుంది. రెండోది సగం, మూడోది అందులో సగం. సూది చిన్నదే, ఎప్పుడు కొట్టినా అంతే తగులుతుంది. పోరు మూడో దెబ్బదాకా సాగితే సూదే పైచేయి. ఇక వాయిదా. ఇప్పుడు వేస్తే రెండు వంతులు ఆగి పడుతుంది. వేసినవాడు మైదానంలో లేకపోయినా పడుతుంది. ఎదుటివాడికి తెలుసు, తప్పించుకోలేడు. కాకపోతే తనకు బదులు ఇంకో జంతువును తెచ్చి నిలబెడతాడు. ఎవర్ని నిలబెడతాడో ముందే పసిగట్టాలి."

"మరి ఏది నేర్పుతావు?"

"ఖాతాదారుణ్ణి బట్టి సార్. రెండు వంతులు ఆగలేనివాడికి వాయిదా ఇస్తే, పడేలోపే మనల్ని తిట్టడానికి ఫోన్ చేస్తాడు. అలాంటివాళ్ళకి సమ్మెటే. ఒక్క దెబ్బకి పడితే వాళ్ళ గొప్ప, పడకపోతే మన తప్పు."

అధికారి పకపకా నవ్వాడు. కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. తానూ ఇంట్లో ఇదే ఆట ఆడతాడట. ఒక మెట్టు దగ్గర చాలాకాలంగా ఇరుక్కుపోయాడట. తన ఫోన్ తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె కాదనలేక చూసింది. చూసినకొద్దీ ఆమె కళ్ళు మెరిశాయి, వేళ్ళు కదిలాయి. సమ్మెటను తీసేయించి, సూదిని పెట్టించి, ముందు వాయిదా వేసి తరువాత జంతువును వెనక్కి పిలవమని చూపించింది. మెట్టు దాటేశాడు.

లేస్తూ అతను యజమానితో అన్న మాట ఇది: "ఇంత ఇష్టంగా ఆడేవాళ్ళని ఎవరు బంధిస్తారండీ."

ఫిర్యాదు మూసేశారు. వినోద కేంద్రమట, కార్యస్థలం కాదట. ఒక మనిషి తన పనిని ప్రేమించడమే ఆమె ఖైదుకు సమ్మతి పత్రమైపోయింది. ఇష్టమే సమ్మతి అయితే, ఇష్టంగా కుట్టే దర్జీని దుకాణంలో పెట్టి తాళం వేయవచ్చా? ఇష్టంగా పాఠం చెప్పేవాణ్ణి? ఇష్టంగా తనిఖీ చేసేవాణ్ణి?

యజమాని కోప్పడలేదు. మరుసటి రోజు పొద్దున, ఇంత తెలిసిన మనిషిని కుర్చీలో కూర్చోబెట్టడం తన తెలివితక్కువతనమని, ఇకనుంచి గదికి పెద్ద ఆమేనని ప్రకటించాడు. తాళంచెవి తెచ్చి ఆమె అరచేతిలో పెట్టాడు. ఆమె ఫోన్ ఆమె దగ్గరే ఉంటుంది. తలుపుకు లోపలివైపు కూడా ఒక గడియ బిగించారు, తాళం ఇకపై ఆమె లోపలినుంచే వేస్తుంది. నియమం మాత్రం పాతదే. తనను అడగకుండా ఎవరినీ పంపకూడదు. కెమెరా ఎలాగూ చూస్తుంది.

ఆమె అడిగింది అక్షరాలా ఆమెకు దక్కింది. తాళంచెవి లోపలికి వచ్చింది. ఇప్పుడు బడివాళ్ళు పిలిస్తే పరుగెత్తగలదు. ఆమె తలుపు మూసి, తాళం వేసి, చెవిని కొంగుకు ముడివేసుకుంది. ఆ ముడి బరువు రోజంతా నడుముకు తెలుస్తూనే ఉంది.

వారం తిరగకముందే, బొంగురు అని అందరూ పిలిచే గొంతు జీరగల అమ్మాయి కుర్చీలోంచి లేచింది. కిందినుంచి రబ్బరు కాలిన వాసన ఆ రోజు మరీ ఎక్కువగా ఉంది. ఆమె ముఖం పాలిపోయింది.

"అక్కా, కాస్త తలుపు తీయవా? మెట్ల మీద కూర్చుని వస్తా. కడుపులో తిప్పుతోంది."

"ఉండు, సార్‌ని అడగాలి," అంది టీచరక్క.

అన్నాక తన నోట వచ్చిన మాట తన చెవినే పడింది. బొంగురు ఎందుకని అడగలేదు. చేతిని నోటికి అడ్డం పెట్టుకుని మళ్ళీ కూర్చుంది.

టీచరక్క కొంగు ముడి విప్పింది. తలుపు తీసింది. బొంగురు జబ్బ పట్టుకుని మెట్ల మీద కూర్చోబెట్టి, కిందికి దిగి టైర్ల దుకాణంలో ఒక మేకూ సుత్తీ అడిగి తెచ్చింది. తలుపు పక్కన, లోపలి గోడకు, ఎవరి చేతికైనా అందే ఎత్తులో ఆ మేకు కొట్టి తాళంచెవి తగిలించింది. ఆటలు ఆగిపోయాయి. తెరల మీద జంతువులు ఆజ్ఞ కోసం ఎదురుచూస్తూ ఊగుతున్నాయి.

ఫోన్ మోగింది.

"ఆ మేకు ఎవరు కొట్టారు?" యజమాని గొంతు మెత్తగానే ఉంది.

"నేనే సార్."

"తీసెయ్. తాళంచెవి నీ దగ్గరే ఉండాలి. నిన్ను నమ్మి ఇచ్చాను."

"నాకొక్కదానికే అయితే వద్దు సార్."

"అయితే రేపట్నుంచి తాళం నేనే వేస్తాను. నీ ఫోన్ పెట్టెలోకి పోతుంది. మీ పాప సంగతి ఆలోచించుకో."

ఆమె ఆలోచించింది. అవతల అతను వేచి ఉన్నాడు. అంతసేపూ ఆమె చూపు తాళంచెవి మీదే ఉంది.

"రేపు మీరు తాళం వేసేటప్పుడు నేను మెట్ల మీదే ఉంటాను సార్. లోపల ఉండను," అంది. ఫోన్ పెట్టేసింది.

మెట్ల మీద బొంగురు దగ్గడం వినిపించింది. కుర్చీల్లోవాళ్ళలో ఒకడు లేచి, మేకుకున్న తాళంచెవిని ముట్టుకోకుండా దాటి, తెరిచిన తలుపులోంచి బయటికి వెళ్ళి, ఆమెకు మంచినీళ్ళు ఇచ్చి వచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు.