సగం ఫోటోలకు నిండు గుండు

ఒక్క నొక్కుతో ఒక కుటుంబాన్నంతా ఏడిపించడం ఎలాగో తెలుసుకోవాలనుకునే వారికి నా అనుభవం ఉచితం. నేను కంప్యూటర్ సైన్సులో పట్టా పుచ్చుకున్నవాణ్ణి. మా ఇంట్లో ఆ పట్టాను ఎవరూ అనుమానించలేదు, ఆ ఆదివారం వరకు.

మా అక్కది తిరువళ్ళూరు. వాళ్ళ పాప వల్లికి తిరుత్తణి కొండ మీద గుండు కొట్టిస్తామని మొక్కు. మా పద్ధతి ప్రకారం ముందు బిడ్డకు పూలజడ వేసి ఫోటోలు తీయాలి; తర్వాత మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టి కత్తికి అప్పగించాలి. ఒడి నాది, కెమెరా బావది, ఏడుపు వల్లిది. అన్నీ సక్రమంగా జరిగాయి.

ఇంటికొచ్చి కెమెరా కార్డును నా ల్యాప్‌టాప్‌లో పెట్టాను. దీన్ని వాడాలంటే ఫార్మాట్ చేయాలి, చేయమంటారా అని అది ఇంగ్లీషులో ఎంతో మర్యాదగా అడిగింది. అంత మర్యాదగా అడిగితే కాదనడం నాకు చేతకాదు. సరేనన్నాను. కార్డు పెళ్ళివారు ఖాళీ చేసి వెళ్ళిన మండపంలా శుభ్రపడింది.

"ఫోటోలు యాడరా?" అంది అక్క.

"ఉన్నాయక్కా. కనబడవంతే."

"కనబడని ఫోటో ఏందిరా? ఏమయ్యో, విన్నావా వీడి మాట?"

"ముడింజిదా?" అన్నాడు బావ. కష్టం వస్తే ఆయన అరవంలోకి దిగుతాడు.

"అయిపోలేదు బావా. పేర్లే చెరిగినాయి, బొమ్మలు లోపలే ఉన్నాయి. వాకిలి మీద నంబరు చెరిపితే ఇంట్లోవాళ్ళు పోతారా?"

"అయితే పిలువు, వస్తారేమో చూద్దాం," అన్నాడు బావ.

అక్క వల్లి గుండు వైపు చూసింది. దాని మీద గంధం ఇంకా ఆరలేదు. "మళ్ళా జడ ఎప్పుడేసేదిరా దీనికి? ఊత్తుకోటలో మా అత్త కాలు విరిగి మంచం మీదుంది. ఫోటోల్లోనైనా చూస్తానని కాసుకోనుంది." అని, క్యాలెండర్‌లోని సామి వైపు తిరిగి ఏదో గొణిగింది.

"ఏం మొక్కినావక్కా?"

"ఫోటోలొస్తే నున్నగా మొట్ట కొట్టిస్తానని."

"నువ్వా! ఎంత పెద్ద మనసక్కా నీది."

"నాకెందుకురా? నీకు."

నా జుట్టు గురించి గొప్పలు చెప్పుకోను. కాలేజీలో నేను శ్రద్ధగా పెంచింది అదొక్కటే. కనుక నా స్థితి గమనించండి: ఫోటోలు రాకపోతే పరువు పోతుంది, వస్తే జుట్టు పోతుంది. అయినా పట్టా ఉన్నవాణ్ణి, పరువు వైపే మొగ్గాను.

పోయిన ఫైళ్ళను వెతికిపెట్టే ప్రోగ్రాం ఒకటి నడిపాను. దొరికినవి ఎక్కడ దాచమంటావని అడిగింది. ల్యాప్‌టాప్ నిండా సినిమాలు. కార్డేమో ఖాళీ! అందులోనే దాచమన్నాను. ఇది పళవేర్కాడు సముద్రపుటొడ్డు ఇసుకలో పోయిన ఉంగరం కోసం తవ్వుతూ, ఆ ఇసుకను ఇంకా తవ్వని చోటే కుమ్మరించడం లాంటిదని నాకు తర్వాత తెలిసింది. దొరికిన ప్రతి ఫోటో వెళ్ళి, ఇంకా దొరకని ఫోటో నెత్తిన కూర్చుంది.

మొత్తానికి ఫోటోలు వచ్చాయి. పైసగం. చేమంతులు, కనకాంబరాలు, వల్లి కళ్ళు. ముక్కు నుంచి కిందికి అంతా బూడిద రంగు.

నాలో న్యాయవాది మేల్కొన్నాడు. "అక్కా, సగమే వచ్చినాయి. మొక్కు చెల్లదు."

"సామి పూలు చూపించినాడా లేదా?"

"చూపించినాడు."

"ఆయన పని ఆయన చేసినాడు. కిందసగం పోగొట్టింది నువ్వు."

బావ మధ్యవర్తిగా గొంతు సవరించుకున్నాడు. "పాపం, పైసగమే కదా వచ్చింది. వాడి మీసం వదిలేద్దాంలే."

ఆ రాజీ మీద మళ్ళీ కొండెక్కాం. నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకోవడానికి మేనమామ ఎవరూ దొరకలేదు. బావ ఫోటో తీశాడు. మంచం మీది అత్త పూలజడను ముక్కుదాకా చూసి మురిసిందట. నన్ను చూసి మాత్రం కట్టు కట్టిన కాలు మరిచిపోయి నవ్విందట. నా ఫోటోలో ఒక్క చుక్క చెడలేదు. బావ దాన్ని ఫోన్లోనూ, కంప్యూటర్లోనూ, చుట్టాలందరి వాట్సాప్‌లోనూ భద్రపరిచాడు. దాన్ని పోగొట్టడం ఇక ఏ పట్టభద్రుడి తరమూ కాదు.

ఆరోజే నెత్తిన చెయ్యి పెట్టుకుని, చెయ్యి జారుతున్నా లెక్కచేయక, ప్రమాణం చేశాను: దొరికినవాటిని పోయిన చోట ఇక దాచను, మా అక్క సామి వైపు తిరిగి నిలబడితే, కంప్యూటర్ కట్టేసి పరిగెత్తుతాను.